పదోనాటి చంద్రుడు

అమ్మకు అన్ని ఉపవాసాలు ఎక్కడినుంచి వచ్చేవన్న సందేహం గిరిజాకుమారికి చిన్నప్పటినుంచీ ఉంది. తణుకులో నూనె మిల్లు మూతపడి నాన్న ఇంట్లో కూర్చున్న ఏడాది అమ్మ సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు, మధ్యలో ఏదో ఒక ఏకాదశికి అంటూ పస్తులుండేది. "నాకివాళ ఉపవాసమే, మీరు తినండి" అని ఉన్నదంతా పిల్లల కంచాల్లో వడ్డించి, గిన్నె కడిగి బోర్లించేది. అది భక్తా, మరొకటా? అడగడానికి గిరిజకు నోరు రాలేదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. దేవుడి ముందు దీపం వెలిగించినప్పుడల్లా ఆ సందేహం మాత్రం వచ్చి పక్కన కూర్చునేది.

2020 సెప్టెంబరులో ఆ ఆదివారం పొద్దున కూడా గిరిజ ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారు లూకన్‌లోని తమ ఇంట్లో దీపం పెట్టి లేచింది. అధిక మాసం, ఏకాదశి. లేవడంలో కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. భర్త జానకిరామ్ కాఫీ కలుపుతూ చూడనే చూశాడు.

"కాసిన్ని పాలైనా తాగు. మొన్న కూడా సింకు పట్టుకుని నిలబడ్డావు."

"ఇవాళ ఏకాదశండీ."

"మొన్నా?"

"మొన్న శుక్రవారం."

"అంతకుముందు మంగళవారం, షష్ఠి అన్నావు. మన క్యాలెండర్‌లో తిండి తినే రోజంటూ ఏదైనా ఉంటే దానికి ఎర్ర సిరా పెట్టు, నేను గుర్తుపెట్టుకుంటాను" అన్నాడతను. నవ్వుతూ అన్నా, అతని కళ్ళు నవ్వలేదు.

గిరిజ పొయ్యి వైపు తిరిగింది. మధ్యాహ్నం నవీన వస్తుంది. కూతురికి క్యారేజీ కట్టాలి.

నవీన డబ్లిన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు. మార్చిలో కోవిడ్ వార్డులో వేశారు. ఆ రోజే బట్టలు సర్దుకుని చెర్రీవుడ్‌లో మరో ఇద్దరు డాక్టర్ల ఫ్లాట్‌లోకి మారిపోయింది. తనవల్ల అమ్మకూ నాన్నకూ ఏమైనా అవుతుందేమోనని దాని భయం. ఆదివారాలు పక్క గేటులోంచి పెరట్లోకి వచ్చి, మాస్కుతో దూరంగా నిలబడి మాట్లాడి, బల్ల మీద పెట్టిన క్యారేజీ తీసుకుని వెళ్ళిపోతుంది. కన్నకూతుర్ని గడపలోకి పిలవలేని ఆ రోజుల్లో గిరిజ ఎవరికీ చెప్పకుండా ఒక మొక్కు మొక్కుకుంది. నవీన ఆ వార్డులో ఉన్నన్నాళ్ళూ తాను ఒంటిపూటే తింటుంది. వేసవి దాటేసరికి ఆ ఒక్క పూట కూడా కొన్ని రోజులు తప్పిపోసాగింది. షుగర్ మాత్ర మాత్రం వేసుకునేది.

ఆ మధ్యాహ్నం నవీన క్యారేజీ వైపు చూడలేదు. తిన్నగా తల్లి వైపు చూసింది.

"అమ్మా, నాన్న ఫోన్‌లో నీ పస్తుల సంగతి చెప్పారు. ఈ వారం ఎన్నిసార్లు తిన్నావు?"

"ఉపవాసాలు మనింట్లో కొత్తా? ఇక్కడివాళ్ళన్నట్టు నేను గ్రాండ్‌గానే, బాగానే ఉన్నాను."

"షుగర్ టాబ్లెట్ వేసుకుని పస్తులుంటే గ్రాండ్‌గా ఉండరమ్మా, మా ఎమర్జెన్సీకి వస్తారు. ఎందుకిదంతా?"

మొక్కు సంగతి ముందురోజు నిలదీసి అడిగితేనే జానకిరామ్‌కీ తెలిసింది. అతనే మెల్లగా చెప్పాడు. నవీన తల్లి వైపు తిరిగింది.

"నేనడిగానా నిన్ను?"

"పిల్లలు అడిగితేనే తల్లులు చేస్తారుటే?"

"నాకేం కాకపోతే అది నీ ఆకలి వల్ల. నీకేమైనా అయితే అది నావల్ల. ఇంక నాకేం మిగిల్చావమ్మా? రోజంతా వార్డులో అందరి బరువూ మోసి వస్తున్నా. ఇది కూడా నా మీద పెట్టకు."

అంది కానీ గొంతు పెంచలేదు. క్యారేజీని బల్ల మధ్యకు జరిపింది. "నువ్వు మూడు పూటలా తింటున్నావని తెలిసేదాకా నీ చేతి వంట నాకొద్దు" అని గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది. వారానికి ఆ ఒక్క అరగంటే కనిపించే కూతురు ఇంక ఆ అరగంటా రాదేమోనని గిరిజకు భయమేసింది. ముట్టని క్యారేజీ ముందు కుర్చీలో కూర్చుంది.

పిట్టగోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇలోనా. తొంభై దాటిన మనిషి. భర్త ఐరిష్‌వాడు, ఎప్పుడో పోయాడు. ఆమెది హంగరీ అనీ, యూదురాలనీ గిరిజకు తెలుసు. హిట్లర్ కాలంలో యూదులను పట్టుకుపోయి పెట్టిన శిబిరాల్లోంచి బతికి బయటపడిందనీ ఎవరో చెప్పగా విన్నది. అడగడం మర్యాద కాదని ఎన్నడూ అడగలేదు. చిన్నప్పటి నవీన ఆమెను ఇలోనా మామ్మ అనేది.

వాళ్ళిద్దరి మధ్యా ఒక పళ్ళెం ఉంది. నవీన రెండో తరగతిలో ఉండగా వీళ్ళీ ఇంట్లో దిగిన వారమే ఇలోనా నీలి అంచు పళ్ళెంలో జడలా అల్లిన రొట్టె తెచ్చిచ్చింది. అందులో గుడ్డు ఉందని గిరిజ ముట్టలేదు. తండ్రీకూతుళ్ళు రెండు రోజుల్లో ఖాళీ చేశారు. ఒకరు పెట్టి ఇచ్చిన పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపడం గిరిజ ఎరగదు. యూదుల తిండికి ఏవో నియమాలుంటాయని విన్నది. ఏం పెట్టాలో తెలియక, ఉగాదికి, దసరాకు అనుకుంటూ ఏళ్ళు గడిపేసింది. తర్వాత తర్వాత ఇవ్వడానికే సిగ్గేసింది. పళ్ళెం కిచెన్ ప్రెస్ అనే అలమర పై అరలో అలాగే ఉండిపోయింది.

"మీ భాష నాకు రాదు" అంది ఇలోనా. "కానీ తిండి మీద పోట్లాట ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది. కుర్చీ ఇటు తిప్పుకో."

గిరిజ చెప్పింది. మొక్కూ, కూతురి మాటలూ, చివరికి అమ్మ ఉపవాసాల సంగతీ. ఇలోనా విని, తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

అప్పటికామెకు పదిహేనేళ్ళు. రైలు పెట్టెలో కుక్కి ఆష్విట్జ్‌కు తీసుకువెళ్ళారు. దిగిన చోటే మనుషుల్ని రెండు వరసలు చేశారు. అమ్మమ్మ అటు, అమ్మా తనూ ఇటు. అమ్మమ్మను మళ్ళీ చూడలేదు. కొన్నాళ్ళకు తల్లీకూతుళ్ళను ఒక ఫ్యాక్టరీలో పనికి పంపారు. రోజుకొక రొట్టె ముక్క. ఆ శరత్కాలంలో ఒక సాయంత్రం అమ్మ తన ముక్క కూతురి చేతిలో పెట్టి, ఇవాళ మన పెద్ద ఉపవాసం, నేను తినకూడదు, నువ్వు ఇంకా చిన్నదానివి తినొచ్చు అంది. యూదులకు ఏడాదికొకసారి వచ్చే యోమ్ కిప్పుర్ అది. కొన్నాళ్ళు గడిచాక అమ్మ మళ్ళీ అదే మాట అంది. మొన్న లెక్క తప్పాను, అసలు ఉపవాసం ఇవాళే అంది. అక్కడ క్యాలెండర్ లేదు. కూతురు నమ్మింది, తిన్నది.

"మర్నాడు తెల్లవారకముందే తలలు లెక్కపెట్టడానికి బయట నిలబెట్టారు. తలెత్తితే ఎదురుగా నిండు చంద్రుడు. మా ఉపవాసం పదోనాటి చంద్రుడికి వస్తుంది" అంది ఇలోనా.

గిరిజకు వేరే వివరం అక్కరలేకపోయింది. పదోనాడంటే దశమి. ఇలోనా చూసింది పున్నమి.

"అబద్ధమని తెలిసింది. అమ్మ మళ్ళీ ఉపవాసమంది. మళ్ళీ తిన్నాను. తెలిసే తిన్నాను, గిరిజా."

ఇద్దరూ బతికారు. పెళ్ళయ్యాక ఇలోనా తల్లినీ డబ్లిన్ తెచ్చుకుంది. ఎన్నో ఏళ్ళకు ఒకనాడు ఆ చంద్రుడి సంగతి బయటపెట్టి ఏడ్చిందట. తల్లి మాత్రం, చూసి కూడా తిన్నావు కదా, తినకపోతే నా అబద్ధం దండగయ్యేది అని కూతురి కంచంలో ఇంకో రొట్టె ముక్క వేసిందట.

"ఈ రాత్రికి మళ్ళీ మా ఉపవాసం. నేనుండను. నా వంతువి కూడా మా అమ్మ చేసేసింది." ఇలోనా నవ్వి అడిగింది. "ఒకటే నాకు తెలియడం లేదు. అమ్మ వదులుకున్న రొట్టె నా నోట్లోకి వచ్చింది. నువ్వు వదిలేసిన అన్నం ఎవరి నోట్లోకి పోతోంది?"

గిరిజ బల్ల మీది క్యారేజీ తీసుకుని లోపలికి నడిచింది.

సాయంత్రం పెరట్లోకి వస్తే ఇళ్ళ కప్పుల మీద ఏకాదశి చంద్రుడు, ఇంకా నిండకుండా. తణుకు ఇంటి వాకిట్లో తనెన్నడూ అలా తలెత్తి చూడలేదు. చూసి ఉంటే అమ్మ ఏకాదశుల్లో ఎన్ని నిజమో తెలిసేది. అమ్మ అన్నం తన కంచంలోకే వచ్చింది. అంతకన్నా భక్తి ఏముంటుంది? "స్వామీ, ఎవరి నోట్లోకీ పోని నా ఆకలి నీకెందుకు? మొక్కు మార్చుకుంటాను, తప్పయితే నాదే" అని చేతులు జోడించి లోపలికి వెళ్ళింది.

సోమవారం ద్వాదశి పారణ పొద్దున్నే చేసింది. సాయంత్రం తండ్రి ఫోన్ చేస్తే నవీన డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది. గిరిజ పెరట్లో కంచం పెట్టుకుని కూర్చుని, కూతురు చూస్తుండగా అన్నం కలుపుకుంది. రోగి చేత మాత్ర మింగించినంత శ్రద్ధగా నవీన ఆఖరి ముద్ద దాకా చూసింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు మాస్కులోకి జారాయి.

"మీ ఫ్లాట్‌లో ఆ ఇద్దరికీ కూడా కట్టాను. ఇకనుంచి నా మొక్కు అదే. వాళ్ళు కారం తింటారా?"

"ఒకడు ఏడుస్తూ తింటాడు" అంది నవీన, క్యారేజీ అందుకుంటూ.

అప్పుడు గిరిజ ప్రెస్ పై అరలోంచి నీలి అంచు పళ్ళెం దింపి కడిగి, వేడి చక్కెర పొంగలి నిండుగా పెట్టి గోడ దగ్గరికి తీసుకువెళ్ళింది. ఇలోనా పళ్ళెం అంచును వేలితో తడిమి చూసింది.

"పగలగొట్టి ఉంటావు, చెప్పలేక మానేశావనుకున్నాను."

"మీరేం తింటారో తెలియలేదు ఆంటీ."

"పంది మాంసం తప్ప ఏదైనా. ఇన్నేళ్ళుగా అడగొచ్చు కదా." చెంచా తీసుకోబోతూ ఆగింది. "నువ్వు తిన్నావా?"

"తిన్నాను" అంది గిరిజ.

ఇలోనా పళ్ళెం అందుకుంది.