తళుక్కుమన్న నకిలీ

"ఒండీనా అమ్ముడుపోయింది," అన్నాడు చీఫ్ బాల్తసార్, వెండి కఫ్‌లింకును బొటనవేలితో రుద్దుకుంటూ. "నీ చెయ్యి వణకదు కదా, అబ్బాయ్?"

వణకదన్నాడు ఏజెంట్ లెయాంద్రే. ఆమె డబుల్ ఏజెంటని తెలిసే ప్రేమించాడు. ఎన్ని వేషాలు వేసినా చివరికి మనవైపే ఉంటుందని నమ్మాడు, పిచ్చివాడు.

బ్రీఫింగ్ చిన్నదే. వాలెన్సియా ల్యాబ్‌లో ఉపగ్రహం కోసం ఒక వెండిపూత గొట్టం తయారైంది. మామూలు గొట్టమైతే శూన్యంలో ఒక ఎలక్ట్రాన్ గోడకి తగిలి రెండింటిని లేపుతుంది, ఆ రెండూ నాలుగింటిని లేపుతాయి, ఆఖరికి ట్రాన్స్‌మిటర్ మాడిపోతుంది. ఈ గొట్టం లోపలి వెండి నిండా కంటికి ఆనని గుంటలు. లేచిన ఎలక్ట్రాన్ వాటిలోనే చిక్కుకుపోతుంది. అందుకే ఆ వెండి మెరవదు, మసిపట్టినట్టు ఉంటుంది. జాలరి పడవలకి తుఫాను కబురు చేరాలంటే ఆ నలుపే దిక్కు.

పరీక్ష నెగ్గిన గొట్టాన్ని ఒండీనా విదేశీ ముఠా కోసం మార్చేసిందనీ, ల్యాబ్ పెట్టెలో ఉన్నది నకిలీ అనీ చెప్పాడు బాల్తసార్. అసలుది ఆమె సంచిలో ఉందట. మధ్యాహ్నంలోగా తెచ్చి బిగించాలి, మూత వేశాక మళ్ళీ తియ్యరు. ఆ సంచిలోని గొట్టాన్ని తాను కంటితో కూడా చూడలేదనీ, భారమంతా అతనిదేననీ అన్నాడు. తండ్రి లేని లెయాంద్రేకి ఈ వృత్తిలో అక్షరాభ్యాసం చేయించింది ఆయనే. ఆ మాట చాలు.

పొద్దుటి ఫలహారం వేళ వాలెన్సియాలో ప్రళయమొచ్చినా పని ఆగాల్సిందే. ఓడరేవు దగ్గర బారు కిటకిటలాడుతోంది. అంటించిన మీసంతో, ఆలివ్‌ల పళ్ళెంతో లెయాంద్రే ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"మీసం వంకరగా ఉంది," అంది ఒండీనా, తలెత్తకుండా.

"కాఫీలో రమ్ము మండిందా?" అన్నాడు. అది వాళ్ళ కోడ్ మాట. మండుతూనే ఉందని ఆమె బదులివ్వాలి.

"చల్లారిపోయింది, లెయాంద్రే. సంచి కావాలంటే తీసుకుపో."

అంత తేలిగ్గా ఇచ్చినప్పుడే అనుమానం రావాల్సింది. మనసు కాలినవాడికి బుద్ధి ఎక్కడ పనిచేస్తుంది? సంచి పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తాడు.

టెక్నీషియన్ ఎన్‌కర్నా పెట్టెలోని గొట్టాన్ని తీసి, సాక్ష్యం కింద అక్కడే కాచుకున్న బాల్తసార్‌కి అప్పగించింది. ఆయన దాన్ని జాగ్రత్తగా తన తోలుపెట్టెలో పెట్టుకున్నాడు. లోపల వేలు పెడితే గుంటలు నలిగిపోతాయని ఆమె అందరినీ కసురుతూ, లెయాంద్రే తెచ్చిన గొట్టాన్ని బిగించసాగింది. అతను టార్చి పట్టుకున్నాడు.

చివరి బోల్టు దగ్గర, గొట్టం లోపలి అంచున ఏదో తళుక్కుమంది. బొటనవేలంత మచ్చ, చింతపండుతో తోమిన బిందెలా మెరుస్తోంది. ల్యాబ్ మనుషులెవరూ ఈ వెండిని తుడవరు. మరి ఎవరు తుడుస్తారు?

బాల్తసార్ వెండిపనివాళ్ళ ఇంట పుట్టాడు.

"ఎన్‌కర్నా గారూ, ఆపండి," అన్నాడు లెయాంద్రే. "మాస్టారూ, మీ రుమాలు ఒకసారి ఇవ్వండి."

తెల్ల రుమాలు మీద నల్లటి మరక. బాల్తసార్ బుకాయించలేదు. "నల్లబడ్డ వెండి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదురా. నకిలీయే కదా అని ఒక్కసారి రుద్దాను."

"నకిలీ తెచ్చి, పెట్టెలోని అసలుది మీ చేతికి అందించడానికి నన్నే ఎందుకు పంపారు?"

"నువ్వు తెస్తే ఎవరూ అనుమానించరు. నువ్వు నన్ను అనుమానించవు."

లెయాంద్రేకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఒండీనా మోసం ఆమె వృత్తి. ఈయన మోసం తన బతుకునే తవ్వేసింది.

ఎన్‌కర్నా నకిలీని విప్పేసి, తోలుపెట్టెలోని నల్లటి గొట్టాన్ని బిగించి మూత వేసింది. గేటు బయట కాచుకున్న ముఠావాళ్ళు దొరికారు. ఒండీనా మాత్రం అప్పటికే పడవెక్కేసింది.

సంకెళ్ళతో జీపెక్కుతూ బాల్తసార్ వెనక్కి తిరిగాడు. "జైల్లో తోచదురా అబ్బాయ్. తోముకోవడానికి కాస్త వెండి పంపిస్తావా?"

"అక్కడ కంచాలన్నీ అల్యూమినియంవి, మాస్టారూ," అన్నాడు లెయాంద్రే, మీసం పీకేసుకుంటూ. "ఎంత కావాలంటే అంత తోముకోండి."