మామయ్య మొహమాటం

ఫోన్ పెట్టేసి భర్త ఒక్క గెంతులో వంటింట్లోకి వచ్చాడు. కొత్త పెళ్లాం చేతిలోని గరిటె లాక్కుని, దాన్నే మైకులా పట్టుకున్నాడు.

"నాన్నకు ఆపరేషన్ చెయ్యొచ్చట! డాక్టర్లు స్కాన్ చూశారట. తుంటి దగ్గర రక్తనాళంలో ఎడమవైపు ఇంకా మెత్తటి చోటుందట. కొత్త కిడ్నీని అక్కడ కలిపి కుట్టొచ్చట!"

ఆమె సంతోషం పట్టలేక అతని బుగ్గ గిల్లింది. వెనకాలే అత్తయ్య ఉందని గిల్లాక గుర్తొచ్చింది.

మామయ్య ముందుగదిలో పుస్తకాలకు అట్టలు కడతాడు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద నెట్టుకొస్తున్నాడు. అలాంటివాళ్ల రక్తంలో ఫాస్ఫరస్ పేరుకుంటుందనీ, కాల్షియం వెళ్లి రక్తనాళాల గోడల్లో చేరి అవి సుద్దలా గట్టిపడతాయనీ పెళ్లయ్యాకే ఆమెకు తెలిసింది. అంత గట్టి గోడకు సూది దిగదు. అందుకే డాక్టరు ఇన్నాళ్లూ ఆపరేషన్ మాటెత్తలేదు.

"ఇంకో మాట కూడా చెప్పారు," భర్త గరిటె దించాడు. "ఈమధ్య ఫాస్ఫరస్ బాగా పెరిగిందట. ఇలాగే ఉంటే ఆ మెత్తటి చోటు కూడా మిగలదట."

"ఈమధ్యంటే ఎప్పట్నుంచిరా?" అంది అత్తయ్య.

"మా పెళ్లయిన దగ్గర్నుంచి."

అత్తయ్య చూపు తిన్నగా పొయ్యి మీదికి వెళ్లింది. "అనుకుంటూనే ఉన్నా. ఆ చీజులు, ఆ సాసులు! ఆయన మెచ్చుకున్నారు కదాని రోజుకో ప్రయోగం."

"మామయ్యకు వేరేగా వండుతున్నాను అత్తయ్యా. డాక్టరు వద్దన్నవేవీ వెయ్యలేదు."

"మరెక్కడ్నుంచి ఊడిపడిందమ్మా ఆ ఫాస్ఫరస్?"

కోడలి కళ్లు నిండాయి. అంతలో జిగురు చేతులు తుడుచుకుంటూ మామయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మాయినేమీ అనకు. తప్పు నాది. ఫాస్ఫరస్ ఒంటికి పట్టకుండా డాక్టరిచ్చిన మాత్రను అన్నం తింటూ నమలాలి. తిండిలో కలిస్తేనే పనిచేస్తుంది. నేను భోజనమయ్యాక గదిలోకెళ్లి వేసుకుంటున్నా."

"అదేం బుద్ధి? ఇదివరకు నా ముందే కరకరలాడించేవారుగా!"

"ఇదివరకు ఎదురుగా కొత్త పిల్ల లేదుగా." ఆయన తల దించుకున్నాడు. "నేను సుద్దముక్కలు నములుతూ కూర్చుంటే, రోగిష్టి ఇంట్లో వచ్చి పడ్డానే అని దిగులు పడుతుందని..."

తిన్న వెంటనే ఆయన లేచి వెళ్లేది కునుకు కోసమనుకుంది కోడలు. తన దిగులు గురించి ఇంతగా ఆలోచించే మనిషి ఈ ఇంట్లో ఇంకొకరున్నారా! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నాకోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా మామయ్యా? మీ అబ్బాయి గురకే భరిస్తున్నాను. మీ కరకర ఒక లెక్కా?"

"నన్నెందుకు లాగుతావ్?" అన్నాడు భర్త.

అత్తయ్య కోడలి దగ్గరికొచ్చి చెంపలు తుడిచింది. "నోరు జారానే. మనసులో పెట్టుకోకు."

ఆ మధ్యాహ్నం మామయ్య అందరి ఎదుటా మాత్ర నమిలాడు, కావాలనే గట్టిగా. అత్తయ్య ఆ చప్పుడు కాసేపు వింటూ కూర్చుంది.

"మాత్రల సంగతి తేలింది. ఇక కిడ్నీ ఎవరిస్తారన్నదే మిగిలింది. రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్లి నాది సరిపోతుందేమో చూడమంటా."

"నీకేమైనా పిచ్చా?" మామయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇన్నేళ్లుగా నా రక్తం తాగుతూనే ఉన్నారు. అది మీకు పడుతుందో లేదో ఇప్పుడు వాళ్లు చెబుతారు." ఆమె కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, నన్ను పెందలాడే లేపు. నువ్వూ నాతో రావాలి."