శనివారం ప్రసంగం, ఆదివారం ప్రకటన

కొర్రమీను చేతిలోంచి జారిపోయింది. జాయ్సీ దాన్ని మళ్ళీ పట్టుకుని, ఇంకాస్త బూడిద పూసి, పెరట్లో రాయి మీద రుద్దసాగింది. జలుబు చేసి ఆ ఆదివారం ఆమె చర్చికి వెళ్ళలేదు.

పక్కింటి విక్టోరియా చర్చి నుంచి తిన్నగా పెరట్లోకే వచ్చింది. చేతిలో బైబిలు, ముఖం నిండా నవ్వు.

“ఒసే నంగనాచీ! పెళ్ళి కుదిరితే పక్కింటిదాన్ని, నాకో మాట చెప్పొద్దా?”

“ఎవరికి పిన్నీ?”

“నీకేనే! ఎలీయాజరు గారు ఇప్పుడే ప్రకటన చదివారు. రూబెన్‌కీ, జాయ్సీకీ అని. ‘ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి’ అన్నారు. ఒక్కరు లేస్తే ఒట్టు!”

కొర్రమీను మళ్ళీ జారింది. ఈసారి జాయ్సీ పట్టుకోలేదు.

జరిగిందేమిటో ఆమెకు అర్థమైంది. వచ్చే శనివారం మ్యూజియంలో కొల్లేరు చరిత్ర మీద రూబెన్, తను కలిసి ప్రసంగించాలి. ఆ సంగతి చర్చిలో చెప్పమని రూబెన్ చీటీ రాసిచ్చాడు. సంఘపెద్ద ఎలీయాజరు గారు దాన్ని పెళ్ళి ప్రకటనల్లో కలిపేసుంటారు. పైనున్న పేర్లు చదివి, మిగతాది అలవాటు కొద్దీ కంఠతా చెప్పేసుంటారు.

కోపం రావాలి. రాలేదు. అదే ఆమెకు వింతగా ఉంది.

రూబెన్ వట్లూరు కాలేజీలో చరిత్ర లెక్చరరు. మ్యూజియంలో శనివారం ప్రసంగాలు మొదలైన కొత్తలో, ఒక వాన సాయంత్రం, ఫ్యాను కింది కుర్చీలో కర్చీఫ్ వేసి ఆమె మంచినీళ్ళకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అందులో అతనున్నాడు.

“ఏవండీ, అది నా కుర్చీ.”

“పేరు రాసుందాండీ?”

“కర్చీఫ్ వేశాను కదండీ.”

“ఇదేవన్నా గుడివాడ బస్సా అండీ?”

అంతలో మైకులో అతని పేరు పిలిచారు. ఆ రోజు వక్త అతనే! స్టేజీ ఎక్కి ఆమె వైపే చూస్తూ మొదలుపెట్టాడు. “కర్చీఫ్ వేసినవాళ్ళదే సీటయితే, వేంగి సింహాసనం కోసం అన్ని యుద్ధాలు జరిగేవే కావండీ.”

హాలంతా నవ్వింది. జాయ్సీ నవ్వలేదు. బయటికొచ్చాక, వానలో ఒక్కతే నడుస్తూ నవ్వుకుంది.

మరుసటి వారం అదే కుర్చీలో ఒక మగవాళ్ళ కర్చీఫ్ ఉంది. “మీ కోసమే వేశానండీ,” అన్నాడు పక్క కుర్చీలోంచి. ఆ తర్వాత ఏ శనివారమూ ఆమె సీటు వెతుక్కోలేదు. శాతవాహనులూ, చాళుక్యులూ, రెడ్డిరాజులూ అలా వాళ్ళిద్దరి ముందునుంచే వెళ్ళిపోయారు.

అమ్మమ్మ ఊరు కొల్లేటికోటలో పెరిగిన టీచరమ్మ జాయ్సీ, శాసనాలు చదివిన లెక్చరరు రూబెన్ కలిసి కొల్లేరు గురించి చెబితే బాగుంటుందని మ్యూజియం వాళ్ళే అడిగారు.

వీధి తలుపు చప్పుడైంది. తండ్రి నిత్యానందం వచ్చాడు, వెనకాలే తల్లి రూతమ్మ.

“కన్నతండ్రిని, నేను సంతకం పెట్టకుండా ప్రకటనేంటి? అందరూ నాకు షేక్‌హ్యాండ్లిస్తున్నారు! ఊరందరికీ తెలిసింది, నాకు తెలీదా?”

జాయ్సీ నోరు తెరిచేలోపే గుమ్మం ముందు బైకు ఆగింది. రూబెన్ చెప్పులు విడిచి, తల దించుకుని లోపలికొచ్చాడు.

“తప్పు నాదేనండీ. ప్రసంగం గురించి చీటీ ఇచ్చింది నేనే. అది పెళ్ళి ప్రకటనల్లో కలిసిపోయిందని పెద్దాయన ఫోన్ చేసి చెప్పారు. వచ్చే ఆదివారం దిద్ది చదువుతారంట.”

“చదవాలి. నువ్వూ వచ్చి అందరి ముందూ నిలబడి చెప్పాలి. ఇక ప్రసంగమూ లేదు, మ్యూజియమూ లేదు!”

“అలాగేనండీ,” అన్నాడు రూబెన్. ఆ గొంతులో వేంగిని పోగొట్టుకున్న రాజు వినిపించాడు.

జాయ్సీ బూడిద చేతులతోనే నడవలోకి వచ్చింది.

“దిద్దించకండి నాన్నా.”

ఆమె ఇంకో అడుగు ముందుకేసింది.

“ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి కదా. ఇంకా రెండున్నాయి. చదవనివ్వండి.”

“అంటే, ముందే అనుకున్నారా ఇద్దరూ? నా దగ్గర దాచారా?”

“లేదు నాన్నా. నాకూ ఇందాకే తెలిసింది. విక్టోరియా పిన్ని చెప్తే కోపం వస్తుందనుకున్నా. సంతోషమొచ్చింది.”

రూబెన్ తల ఎత్తాడు. “జాయ్సీ గారూ, నిజంగానే అంటున్నారా?”

“మీకేవన్నా అభ్యంతరమాండీ?”

“నాకా! వానాకాలం నుంచీ చెప్పాలనుకుంటున్నానండీ. మైకుంటే తప్ప మాట రాదు నాకు.”

విక్టోరియా పెరటి గుమ్మంలో కిసుక్కున నవ్వింది.

“శనివారం ప్రసంగానికీ వెళ్తాను నాన్నా,” అంది జాయ్సీ. “పెళ్ళికి మీరు ఒప్పుకుంటే చేసుకుంటాం, వద్దంటే ఆగుతాం. కానీ ఇష్టం లేదని మాత్రం చర్చిలో చెప్పను. అది అబద్ధమవుతుంది.”

నిత్యానందం కూతురి వైపు చూశాడు. ఇంట్లో ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడని పిల్ల. చూపు దించలేదు.

రూతమ్మ మెల్లగా అడిగింది. “మీ అమ్మగారు ఇంటి దగ్గరున్నారా బాబూ?”

“ఉన్నారండీ. వట్లూరులోనే, వాటర్ ట్యాంకు పక్కిల్లు.”

“ఏవండీ, ఏమంటారు?” అంది భర్తతో.

నిత్యానందం విప్పబోయిన చొక్కా గుండీలు మళ్ళీ పెట్టుకున్నాడు. అద్దంలో చూసుకుని జుట్టు దువ్వుకున్నాడు. బయటికి నడిచి, మోపెడ్ స్టార్ట్ చేసి, వట్లూరు రోడ్డెక్కాడు.