నల్లతెరా, బొమ్మల తెరా?

థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న మా నాటకశాలలో ఒక ఆచారం ఉంది. విషాద నాటకమైతే వేదిక వెనక నల్లతెర కడతారు. నవ్వుల నాటకమైతే పూలూ పక్షులూ ఉన్న బొమ్మల తెర. తెరలు కట్టడం, దుస్తులు చూసుకోవడం టామ్సిన్ పని. నాటకాలు రాయడం అంబ్రోస్ పని. నవ్వించడం నా పని. నల్లతెర కట్టిన రోజుల్లో నాకు పెద్దగా పనుండదు కనుక, వీళ్లిద్దరి సంగతీ తీరిగ్గా గమనిస్తూ వచ్చాను.

ఆ మధ్యాహ్నం కొత్త నాటకం ఆడాలి. పొద్దున్నే టామ్సిన్ నల్లతెర భుజాన వేసుకుని వచ్చింది.

"అది ఎవరు కట్టమన్నారు?" అన్నాడు అంబ్రోస్.

"ఒకరు చెప్పాలా కవిగారూ? మీరు రాశారంటే చావులే కదా."

"ఐదో అంకం ఇంకా రాయలేదు."

మధ్యాహ్నానికి జనం వస్తారు, నాటకానికి ముగింపు లేదు. టామ్సిన్ మాత్రం తెరను పెట్టె మీద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీ నాటకాల వరస నాకు కంఠతా వచ్చు. ఊర్నించి కొత్తగా వచ్చినప్పుడు అన్నీ నవ్వులే. మీ నాన్నగారు పోయాక, ఏ నాటకం చూసినా తప్పిపోయిన తండ్రి తిరిగొస్తాడు. ఆ తర్వాత నన్ను సంతకి రమ్మన్నారు, కుదరదన్నాను. అంతే, అప్పట్నించీ మీ నాయికలకి ఆయుష్షు లేదు. ఒకామెని ఏట్లో ముంచారు. ఇద్దర్ని పొడిపించారు."

"టామ్సిన్, అది..."

"ఆ చావుల కోసం గౌన్ల మీద చల్లిన గొర్రె రక్తం ఉతికింది నేను. అంత కోపముంటే విషం పెట్టించొచ్చుగా, మరకలైనా ఉండవు."

నేను నవ్వాపుకోలేక దగ్గాను. అంబ్రోస్ నవ్వలేదు.

"కోపం కాదు," అన్నాడు నెమ్మదిగా. "కుదరదంటే నీకు నేనంటే ఇష్టం లేదనుకున్నా. ఆ తర్వాత ఏం రాసినా అలాగే ముగిసేది."

"ఆ రోజు మా మేనత్తకి జ్వరం. ఇంకోసారి పిలిస్తే మీ సొమ్మేం పోయింది?" ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు ఎక్కడో నారిచ్ ఊళ్లో ఉన్ని వ్యాపారి సంబంధం చూసిందత్త. రేపు బండెక్కుతున్నా. ఇదే నేను కట్టే ఆఖరి తెర. ఏది కట్టమంటారు?"

"ఆ సంగతి మొన్ననే విన్నా, అప్పుడే నా కలం ఆగిపోయింది. నువ్వు వెళ్తే నల్లది. ఉంటే..."

"బాగుంది. ముగింపు నేను చెప్తే మీరు రాసుకుంటారా? పద్యాలు చాలు. మీ నోటితో మీరు చెప్పండి."

ఊరంతా చప్పట్లు కొట్టే కవి మాట అందించమన్నట్టు నాకేసి చూశాడు.

"నన్ను చూడకురా, ఈ పాత్ర నాది కాదు," అన్నాను.

"నువ్వు వెళ్లొద్దు," అన్నాడు చివరికి. "నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్లి చేసుకో."

టామ్సిన్ నల్లతెర మడిచి పెట్టెలో పెట్టి మూత వేసింది.

"అత్తతో మీరే మాట్లాడాలి. ఒకసారి కాదందని తిరిగొచ్చేస్తే ఒప్పుకోను. ఇక కూర్చుని రాయండి, నేను బొమ్మల తెర తెస్తా."

ఆ పెట్టె మీదే కూర్చుని రాశాడు. సిరా ఆరకముందే మేం బట్టీపట్టాం. చాలాకాలానికి నాకూ నాలుగు మంచి మాటలు దొరికాయి.

ఆఖరి రంగంలో నాయకుడు గొప్ప పద్యం ఎత్తుకోవాల్సిన చోట, అంబ్రోస్ రాసిచ్చినట్టే "నువ్వు వెళ్లొద్దు" అని ఊరుకున్నాడు. నటుడు పద్యం మరిచిపోయాడనుకుని జనం గొల్లుమన్నారు. నేను వెనక్కి చూశాను. తెర పక్కన టామ్సిన్ ఒక్కతే నవ్వడం లేదు. అంబ్రోస్ చెయ్యి పట్టుకుని, ఆ మాటనే పెదాలతో మళ్లీ మళ్లీ అనుకుంటోంది.