శేషప్ప పట్టుకున్న జాగా

అమావాస్య నాడు ఆదోనిలో మా పత్తి జిన్నింగు మిల్లు నడపరు. ఆ రోజు హాలు ఊడ్చి, పత్తి నుంచి గింజ తీసే జిన్ను మిషన్లకు కుంకుమ పెట్టడం నా పని. మిల్లు కంప్యూటర్లు చూసేది నా కూతురు కవిత. మధ్యాహ్నం ఇద్దరికీ జొన్నరొట్టె కట్టుకుని ఆఫీసు గదికి పోయినాను.

కవిత రొట్టె ముట్టలేదు. తెర మీద ఎర్ర గీత ఒకటి పైకి పాకుతోంది.

"ఏంది పాపా అది?"

"హాజరు వెబ్‌సైటు నడిపే సర్వరు మెమరీ మా. వేలిముద్ర వేసి లోపలికొచ్చిన ప్రతి మనిషికీ అందులో కొంచెం జాగా ఇస్తుంది. ఇంటికి పోతా మళ్లీ వేలు పెడితే ఆ జాగా ఖాళీ. ఒకాయన మాత్రం పోలేదు. జాగా పెంచుకుంటానే ఉండాడు. అంతా నిండితే సర్వరు పడిపోతాది, ఓనరు నన్ను నమిలేస్తాడు."

"ఎవరు?"

"శేషప్ప."

పోయిన నెల జిన్ను ఈడ్చుకున్న మనిషి. చెయ్యి భుజం దాకా పోయింది. ఆ హాల్లోనే ప్రాణం విడిచినాడు. పోతా వేలు పెట్టడానికి... వేలు లేదు.

"తీసెయ్యొద్దు తల్లీ. ఈపొద్దు అమాస."

"ఒట్టి పేరే గదా మా, కరుస్తాదా?" నవ్వింది. సర్వరు ఆపి మళ్లీ లేపింది. గీత అడుక్కి పడింది.

రెండు నిమిషాలు. మళ్లీ పాకింది. తెర నిండా శేషప్ప... శేషప్ప... శేషప్ప.

"హాల్లో ఎవరో ఊరికూరికే వేలు పెడతాండారు, మిషను చెడి ఆయన పేరే చూపిస్తాంది. ఆ వేలిముద్ర డబ్బా పీకేసి వస్తా."

వెనకనే పోయినాను.

హాల్లో ఎవరూ లేరు. పత్తి దుమ్ము, గింజల నూనె వాసన. వేలిముద్ర డబ్బా జిన్ను పక్కన గోడకుంది. దాని పచ్చ దీపం వెలిగింది. ఆరింది. వెలిగింది...

కవిత వైరు పట్టి లాగింది.

జిన్నుల మెయిను స్విచ్చి పొద్దున నేనే దించినాను. అయినా జిన్ను తిరిగింది.

ముందు చున్నీ పోయింది. తర్వాత చెయ్యి. ఎముకలు పటపటమన్నాయి. నడుము పట్టి వెనక్కి లాగినాను. లోపలి నుంచి లాగినారు.

"మా! వదలొద్దు మా!"

రక్తం నా నోట్లో పడింది. వదల్లేదు. ఏదో తెగింది. ఇద్దరం వెల్లకిలా పడినాము. పాపకు మోచేయి కింద ఏమీ లేదు.

మిషను మొత్తం విప్పినారు. చెయ్యి దొరకలేదు.

కర్నూలు ఆస్పత్రిలో మూడో రోజు కవిత కళ్లు తెరిచింది.

"మా... చెయ్యి నొస్తాంది. వదులు."

పట్టుకున్న ఎడమ చెయ్యి వదిలినాను.

"నువ్వు కాదు మా... ఆ పక్క."

ఆ పక్క ఎవరూ లేరు. కట్టు దాటినంక, చెయ్యి ఉండాల్సిన చోట, పరుపు లోపలికి నొక్కుకుని ఉంది. నేను చూస్తాండగానే ఇంకొంచెం దిగింది...