సంచి దాటిన పిల్లి

గాయనిని పట్టపగలే చంపేశారు. దర్జీ దుకాణం మెట్లు దిగుతుండగా నంబరు లేని నల్లకారు ఆమెను గుద్ది, ఆగకుండా వెళ్లిపోయింది.

గంట తర్వాత సీక్రెట్ సర్వీస్ ఆఫీసులో, తలుపులు మూసిన గదిలో టేప్ రికార్డర్ తిరుగుతోంది. బాస్ ఎదురుగా నిలబడ్డ ఏజెంటును అందరూ కొంగ అంటారు. కదలకుండా గంటలకొద్దీ కాపు కాయగలడని ఆ పేరు. విదేశీ ముఠాలోకి గాయనిని పంపింది అతనే. మూడేళ్లపాటు ఆమె వాళ్ల పార్టీల్లో పాడింది, నవ్వింది, వాళ్ల గుట్లన్నీ అతనికి చేరవేసింది. ఆపద వస్తే దర్జీ దుకాణంలో దాక్కోవాలని, అతను వచ్చి తీసుకెళ్తాడని ఒప్పందం.

"పొద్దున చేసిన ఫోన్ ఇది," అన్నాడు బాస్.

పక్కన ఎవరో వింటున్నట్టు తేలిగ్గా మాట్లాడింది ఆమె. "ద క్యాట్ ఈజ్ ఔట్ ఆఫ్ ద బ్యాగ్."

మూల కుర్చీలో అనువాదకుడు తల వంచుకున్నాడు. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఆయన్ని డిక్షనరీ మాస్టారంటారు.

"పిల్లి సంచిలోంచి బయటికొచ్చిందని రాశాను బాబూ. ఫైల్లో పిల్లంటే వాళ్ల కొరియర్ కోడ్ నేమ్ కదా... వాడు బయల్దేరాడేమో అనుకున్నా."

ఆ కాగితం నమ్మే కొంగ పొద్దున్నుంచీ ఎయిర్‌పోర్టులో కాపు కాశాడు.

"గుట్టు రట్టయిందని అర్థం మాస్టారూ," అన్నాడు మెల్లగా. "దొరికిపోయాను, రమ్మని."

"ఏడవడానికి టైమ్ లేదు," బాస్ ఇంకో టేప్ పెట్టాడు. "ఇది అరగంట క్రితం దొరికింది."

మగ గొంతు. "ద న్యూ గర్ల్ విల్ బ్రింగ్ ద హౌస్ డౌన్ ఎట్ ఫోర్."

నాలుగింటికి టౌన్ హాల్లో కచేరీ. శాంతి ఒప్పందానికొచ్చిన రెండు దేశాల ప్రతినిధులూ అక్కడే ఉంటారు. చనిపోయిన గాయని బదులు ఇంకో అమ్మాయి పాడుతోంది.

మాస్టారు లేచాడు. "ఈసారి తప్పు చెయ్యను. ఇల్లు కూలడం కాదు సార్. పాటకి హాలంతా చప్పట్లతో మారుమోగుతుందని. మెచ్చుకోలు మాట."

"గొంతెవరిది?" అడిగాడు కొంగ.

"వాళ్ల ఇంజనీరుది," అన్నాడు బాస్. "పాత బిల్డింగులు కూల్చే కాంట్రాక్టరు."

"వాడికి పాటతో పనేంటి సార్? వాడు కూలుతుందంటే కూలేదే."

మూడు నలభైకి కొంగ మైకువాళ్ల నీలం చొక్కా తొడుక్కుని, సౌండ్ మెకానిక్‌గా హాల్లో అడుగుపెట్టాడు. పేలుడు మందును పసిగట్టే పెన్ను జేబులో ఉంది. హాలంతా వెతికి, నాలుగు కావస్తుండగా స్టేజీ స్తంభాన్ని ఆనుకున్న స్పీకర్ పెట్టె దగ్గరికొచ్చేసరికి అది గుయ్యిమంది. ముత్యాల హారం వేసుకున్న కొత్త గాయని చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లబోయింది. మఫ్టీలో ఉన్న పోలీసులు ఆ చెయ్యి పట్టుకుని, బ్యాగులోని రిమోట్ లాక్కున్నారు.

పెట్టెలో టైమరు మాత్రం నడుస్తూనే ఉంది; కొంగ స్క్రూలు విప్పేసరికి పందొమ్మిది సెకన్లు మిగిలాయి. తీగలు మూడూ నలుపే. ఏది ఎక్కడికి పోతోందో వేలితో తడుముకుంటూ వెళ్లి, బ్యాటరీ తీగ తెంపాడు. టైమరు రెండు దగ్గర ఆరిపోయింది.

సాయంత్రానికి ఇంజనీరు దొరికాడు. గాయని తల్లికి మాత్రం రోడ్డు యాక్సిడెంట్ అనే చెప్పారు. కూతురు దేనికోసం పోయిందో ఆవిడకు ఎప్పటికీ తెలియదు.

మార్చురీ వరండాలో మాస్టారు కొంగ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కమాట చెప్పు నాయనా. నీకోసం ఆ పిల్ల ఎంతసేపు చూసింది?"

దర్జీ అప్పటికే కొంగకి అంతా చెప్పాడు. రెండు గంటలు కూర్చుందట. కారు హారన్ వినపడ్డప్పుడల్లా లేచి, అద్దంలో జుట్టు సర్దుకుందట.

"అయిదు నిమిషాలు మాస్టారూ. మనం బయల్దేరినా అందేవాళ్లం కాదు."

ముసలాయన కళ్లు తుడుచుకుని తలూపాడు. శత్రువుల ముందు వెయ్యి అబద్ధాలాడి బతికి బయటపడ్డ కొంగ, ఈ ఒక్కటీ సరిగ్గా ఆడానో లేదోనని ఇంటిదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.