మామా అంటే పలికినవాడు

పెంచల్ చేసిన తప్పల్లా పిలిస్తే పలకడమే.

కువైత్‌లోని జహ్రాలో ఒక కువైతీ ఇంట్లో డ్రైవరతను. జులై నెల ఎండలో కారు తుడుస్తుంటే, గోడ అవతలి నుంచి ఒక ఆడపిల్ల గొంతు తీయగా "మామా" అని పిలిచింది. రాజంపేట పక్క పల్లెలో పుట్టినవాడికి ఆ పిలుపు ఎవరి నోట రావాలో వేరే చెప్పాలా? వరసైన పిల్ల పిలవాలి, లేదా కట్టుకున్నది పిలవాలి. తెలుగు ఆడగొంతు విని ఎన్నాళ్ళో అయిన పెంచల్ చేతిలో తడిగుడ్డ అలాగే పట్టుకుని, "ఆఁ, చెప్పు" అన్నాడు.

గోడ మీదుగా ఒక మొహం లేచింది. కళ్ళు పెద్దవి. కోపం అంతకంటే పెద్దది.

"నిన్నెవురు పిలిచినారు? మా ఇంటామెను పిలిచినా. ఈడ ఆమెను మామా అనాలని ఏజెంటు చెప్పినాడు."

"ఆమె పలకలే గదా. ఎవురో ఒకరు పలకాల గదా అని నేను పలికినా."

వెంకటేశ్వరితో అతని పరిచయం అదీ. ఆమెది రాయచోటి. పనిమనిషిగా వచ్చి నెల కూడా కాలేదు, అక్కడ ఉండనిచ్చే ఇఖామా ముద్ర ఇంకా పడలేదు. ఆ రోజు నుంచి ఆమె ఇంటామెను పిలిచినప్పుడల్లా గోడకు ఇటువైపు నుంచి మెల్లగా "ఆఁ" అని వినిపించేది. ఆమె నాలుగు రోజులు పళ్ళు నూరి, దానికి మందు కనిపెట్టింది. అతన్ని అన్నా అనడం మొదలుపెట్టింది. అన్నా, మీ కారు పొగ మా బట్టలకు పడతాంది. అన్నా, ఆ పాటలు మెల్లగా పాడుకో. అన్నా అన్నప్పుడల్లా పెంచల్ మొహం మాడిపోయేది. అది చూడడానికే ఆమె గోడ దగ్గరికి వచ్చేదని అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది.

అది 1990. ఆగస్టు మొదట్లో ఇరాక్ సైన్యం కువైత్ మీద వచ్చిపడింది. జహ్రా రోడ్డు మీద ట్యాంకులు తిరిగాయి. పెంచల్‌ను పనిలో పెట్టుకున్న యజమాని, అదే అతని కఫీల్, కుటుంబంతో ఎడారి దారి పడుతూ, పాస్‌పోర్టు అతని చేతిలో పెట్టి, "యల్లా, నువ్వూ వెళ్ళిపో" అన్నాడు. వెంకటేశ్వరి పనిచేసే ఇంటివాళ్ళు అంతకు ముందే వేసవికి లండన్ వెళ్ళారు. ఆమె పాస్‌పోర్టు ఇనప్పెట్టెలో, పెట్టె తాళం లండన్‌లో, ఆమె మాత్రం జహ్రాలో. ఆ కాగితం లేనిదే ఏ సరిహద్దూ దాటనివ్వరు.

ఊళ్ళోని మనవాళ్ళంతా బస్సులెక్కి బస్రా వైపు వెళ్ళిపోతున్నారు. పెంచల్ మాత్రం కదలలేదు. యజమాని వదిలిపోయిన కారు ఫ్యాన్‌బెల్టు తెగింది, అది బాగయ్యాక పోతానన్నాడు.

"బస్సులో పోయేదానికి కారు ఫ్యాన్‌బెల్టు ఎందుకన్నా?" అని అడిగింది వెంకటేశ్వరి.

ఆ రాత్రి అతను ఆమె ఇంటి గేటు బయటే చాప పరుచుకున్నాడు.

కువైత్ సిటీలో ఒక బడిలో మనవాళ్ళు కొందరు బల్లలు వేసుకుని, పాస్‌పోర్టు లేనివాళ్ళకు ప్రయాణ కాగితాలు తయారు చేయిస్తున్నారని తెలిసింది. ఇద్దరూ వెళ్ళి వరసలో నిలబడ్డారు. బల్ల వెనక గోదావరి మనిషి బుల్లిరాజు, కళ్ళజోడు సర్దుకుంటూ సంగతి వివరించాడు. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళెవరైనా మా మనిషేనని చెబితే, ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద రాసి ఒకే బస్సులో పంపుతారు. లేకపోతే ఆమె ఆగాలి. ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు.

"ఈయన మీకేమవుతారమ్మా? అన్నయ్యని రాసేయమంటారా? పిన్ని కొడుకనుకుంటారు, ఇంటిపేరు కలవకపోయినా ఇబ్బంది లేదండి."

పెంచల్ నేల చూపులు చూశాడు. ఆమె నోట ఎప్పుడూ ఉండే మాటే కదా అనుకున్నాడు.

"అన్న గాదు. మామ," అంది వెంకటేశ్వరి.

"మేనమామాండీ?"

"కట్టుకోబోయే మామ."

పెంచల్‌కు సంతోషం వెనకే భయమూ వచ్చింది. ఆమెను పక్కకు పిలిచి, "కాగితం కోసం ఆ మాట అనొద్దు. అన్న అనే రాయించు. నిన్ను మీ ఇంటి కాడ దిగబెట్టే పూచీ నాది," అన్నాడు.

"కాగితానికి అన్న అయినా సరిపోతాదని ఆయనే చెప్పె గదా. మరి నేను మామ అని ఎందుకన్యానో నీకు తెలీదా? నీ ఫ్యాన్‌బెల్టు ఎందుకు తెగిందో నాకు తెలుసులే."

బుల్లిరాజు నవ్వు ఆపుకుంటూ కాబోయే భర్త అని రాశాడు.

బస్రా, బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దు చేరేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అక్కడ సామాన్ల తనిఖీకి మగవాళ్ళను ఒకవైపు, ఆడవాళ్ళను ఒకవైపు పంపారు. బయటికి వచ్చి చూస్తే ఎటు చూసినా గుడారాలే, దుమ్మే. ఆమె కనిపించలేదు. ఇద్దరి పేర్లూ ఉన్న ఒక్క కాగితం అతని జేబులోనే ఉంది. అది లేకుండా ఆమెను విమానం ఎక్కనివ్వరు. విమానాశ్రయానికి పోయే బస్సులకు మనుషులను పిలవడం అప్పుడే మొదలైంది. పెంచల్ ఆమెను పేరు పెట్టి పిలుస్తూ గుడారాల మధ్య పరిగెత్తాడు. ఆ గోలలో అతని గొంతు అతనికే వినిపించలేదు. ఏడుపు వచ్చింది.

అప్పుడు వినిపించింది, ఎక్కడో వెనక నుంచి.

"మామా!"

గుడారాల్లోంచి ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు తలలు బయటపెట్టారు. శ్రీలంక వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, కడప వాళ్ళు. అందరూ ఇళ్ళల్లో పనిచేసినవాళ్ళే. ఆ మాట చెవిన పడగానే అలవాటు కొద్దీ ఇంటామె వచ్చిందేమోనని చూశారు. పలికింది మాత్రం ఒక్కడే.

"ఆఁ, చెప్పు."

వెంకటేశ్వరి వాళ్ళందరినీ తోసుకుంటూ వచ్చి అతని చొక్కా పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు, అయినా కోపం పోలేదు.

"ఈ తూరి నిన్నే పిలిచినా," అంది.